టీమ్ ఫోర్ట్రెస్ 2లో మెడిక్: కొత్తగా పట్టేవాళ్ళు ముందు ఏం నేర్చుకోవాలి?

చిట్టిగుండు:

గురి బాగా కుదరనివాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "సపోర్ట్ తీసుకో, సులువు." టీఎఫ్2 (టీమ్ ఫోర్ట్రెస్ 2, జట్లుగా ఆడే షూటింగ్ గేమ్) ఉచితం, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది కాబట్టి అందులోనే మెడిక్‌తో (టీమ్ హెల్త్ నింపే క్లాస్, అంటే పాత్ర) మొదలుపెడుతున్నాను. బాట్లతో ఆఫ్‌లైన్ ప్రాక్టీస్ అయింది. క్యాజువల్‌లో (మామూలు ఆన్‌లైన్ మ్యాచ్‌లలో) నలుగురు ఒకేసారి "మెడిక్!" అని అరిస్తే ఎవరి వైపు తిరగాలి? ఉబర్ (మీటర్ నిండాక మెడిక్‌నీ, హీల్ అవుతున్నవాణ్ణీ కొన్ని సెకన్లు చావకుండా కాపాడేది) ఎప్పుడు వదలాలి? ఏ గన్ పెట్టుకోవాలి? "టీమ్‌తో ఉండు", "ఆడగా ఆడగా అదే వస్తుంది" లాంటివి వద్దు. లెక్కలతో చెప్పేవాళ్ళు చెప్పండి.

సిరంజి_సుబ్బయ్య:

లెక్కలే కావాలన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మామూలు మెడిగన్ (హీల్ చేసే బీమ్ వదిలే గన్) సెకనుకి 24 హెల్త్ ఇస్తుంది. ఇది ఇంకా దెబ్బలు తింటున్నవాడి సంగతి. ఆఖరి దెబ్బ తగిలి 10 సెకన్లు దాటితే ఈ వేగం పెరగడం మొదలై, 15 సెకన్లకి మూడింతలవుతుంది, అంటే సెకనుకి 72. కొత్తవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఎవరిని ముందు చూడాలి అనే ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

ఒక సోల్జర్ (హెవీ, డెమో, స్కౌట్ లాగే ఇంకో క్లాస్) 40 హెల్త్‌తో వెనక్కి వచ్చి గోడ చాటున నిలబడ్డాడనుకోండి. దెబ్బ తగిలి పావు నిమిషం దాటింది. అతన్ని 200కి తేవడానికి రెండు సెకన్ల పైచిలుకు చాలు. అంతే సమయం ముందు వరసలో రాకెట్లు తింటున్న హెవీ మీద పెడితే వచ్చేది 50 చిల్లర. కాబట్టి వెనక్కి వచ్చినవాణ్ణి గబుక్కున నింపి పంపించి, మళ్ళీ హెవీ దగ్గరికి తిరగండి.

చావబోతున్నవాణ్ణే ముందు కాపాడాలి అంటారు. అది అన్నివేళలా కుదరదు. ముగ్గురు కలిసి కొడుతుంటే మీ 24 అతన్ని బతికించదు, పైగా అతని పక్కన మీరు కూడా పోతారు. మూల చాటుకి వచ్చే ప్రయత్నం చేస్తున్నాడా, చేయండి. నేరుగా గుంపులోకి దూకుతున్నాడా, వదిలేయండి. అరిచినా సరే.

ఇక ఓవర్‌హీల్. ఎవరికైనా మామూలు హెల్త్ మీద ఇంకో సగం వరకు ఎక్కించవచ్చు. హెవీ 300 నుంచి 450, సోల్జర్ 200 నుంచి 300, డెమో, పైరో 175 నుంచి 260, స్కౌట్ 125 నుంచి 185. బీమ్ తీసేశాక ఆ అదనం 15 సెకన్లలో కరిగిపోతుంది. అందుకే ఒకణ్ణే పట్టుకుని 450 దగ్గర నిలబెట్టడం దండగ. ఇద్దరు ముగ్గురి మధ్య తిరుగుతూ అందరినీ పైన ఉంచాలి.

పాకెట్_పోరడు:

సుబ్బయ్య అన్న కరెక్ట్ చెప్పిండు. నేనొకటి కలుపుత. గా హెవీ ఎన్కనే అంటుకుని తిరుగుడు ఫస్ట్ బంద్ జేయాలె. క్యాజువల్‌ల కొత్త మెడిక్ కనవడ్డడంటె వంద శాతం హెవీకి తోక లెక్కనే ఉంటడు. గప్పుడు మీ ఉబర్ కూడ లేటయితది, ఎందుకంటె చెప్త సూడు.

ఉబర్ సెకనుకి 2.5 శాతం నిండుతది. అంటె 40 సెకన్లు. గని పేషెంట్ హెల్త్ 142.5 శాతం దాటితె అది సగమైతది, సెకనుకి 1.25. హెవీకి లెక్క ఏస్తె 427 దాటంగనె సగం స్పీడే. 450 మీదున్న హెవీకే బీమ్ పెట్టి నిలవడితె 40 సెకన్ల పని 80 సెకన్లు పడ్తది. దెబ్బలు తగిలినోళ్ళ మీద తిప్పుకుంట ఉంటె టీమ్ బతుకుతది, మీటర్ కూడ జల్ది నిండుతది.

ఇద్దరు మెడిక్‌లు ఒకే పేషెంట్‌కి బీమ్ పెడ్తె ఇద్దరికీ ఉబర్ సగం సగమే వస్తది. రెండో మెడిక్ వచ్చిండంటె మీరు ఇంకో దిక్కు పోవాలె.

సెటప్ టైమ్‌ల, గేట్లు తెరువక ముందు, ఉబర్ మూడు రెట్లు స్పీడ్‌గ నిండుతది. పావు నిమిషం కూడ పట్టదు. ఓవర్‌హీల్ ఉన్నా తగ్గదు. మీటర్ నిండినంక ఖాళీగ డ్యాన్స్ చేసుకుంట నిలవడకుండ్రి, గేట్ తెరిచే ముందల్నే అందరికి తలా ఇంత ఓవర్‌హీల్ ఎక్కించుండ్రి. ముందల పోయేటోళ్ళకి ఆఖర్న ఎక్కించాలె, కరిగిపోతది గద.

డెమో_దొర:

ముందు సెట్టింగులు సరిచేసుకోండి, ఐదు నిమిషాల పని. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో మెడిక్‌కి సంబంధించినవి మూడు ఉంటాయి.

బటన్ నొక్కి పట్టుకోకుండానే మెడిగన్ హీల్ చేస్తూ ఉండే ఆప్షన్ ఆన్ చేయండి. వేలు నొప్పి తగ్గుతుంది సరే, అసలు లాభం వేరే: బీమ్ ఒకసారి తగులుకున్నాక మీరు పేషెంట్ వైపు చూడనక్కర్లేదు. తల ఎటు తిప్పినా హీల్ ఆగదు. రెండోది ఆటోమేటిక్ మెడిక్ కాల్స్. ఇది పెడితే హెల్త్ తగ్గినవాళ్ళ తల మీద గుర్తు తానే వస్తుంది, వాళ్ళు అరవనక్కర్లేదు. మొదట 75 శాతం దగ్గర పెట్టి ఉంటుంది. స్క్రీన్ నిండా గుర్తులే కనిపిస్తుంటే కొంచెం దించుకోండి. మూడోది, మీరు ఎవరిని హీల్ చేస్తున్నారో వాళ్ళ మీద మార్కర్ చూపించే ఆప్షన్. గుంపులో బీమ్ ఎవరికి తగిలిందో తెలియాలంటే ఇది తప్పనిసరి.

బీమ్ దూరం కూడా కళ్ళకి అలవాటు కావాలి. తగులుకోవడానికి 450 యూనిట్ల లోపు ఉండాలి. తగులుకున్నాక 540 వరకు సాగుతుంది. పేషెంట్ పూర్తిగా గోడ వెనక్కి వెళ్ళి కనుమరుగైతే మాత్రం తెగిపోతుంది. అంటే మీరు మూల దగ్గర భుజం మాత్రమే బయట పెట్టి, బీమ్ సాగే దూరంలో వెనకే ఉండవచ్చు. పేషెంట్ వీపుకి అతుక్కుని ఉండాల్సిన పనే లేదు.

చిట్టిగుండు:

ఇది కావాలి నాకు. అయితే వీపు వెనక ఉండకపోతే ఇంకెక్కడ ఉండాలి? ముందుకొస్తే సోల్జర్లు కొడతారు, వెనక ఉంటే వేషం మార్చుకుని వచ్చే స్పై పొడుస్తాడు.

వీపుమీద_కత్తి:

అవతలి వైపు నుంచి చెబుతాను, ఎక్కువ స్పైయే నా ఆట. మాకు మెడిక్ ఎలా కనిపిస్తాడంటే, వెలుగుతున్న బీమ్ ఒక చివర హెవీ, ఇంకో చివర వీపు మా వైపు పెట్టిన మనిషి. హెవీ నడిచేది చాలా మెల్లగా, మీరు కూడా అదే వేగంతో గీత గీసినట్టు నడుస్తారు. హెవీకి సరిగ్గా వెనకే ఉంటే రెండు వీపులు ఒకే వరసలో ఉన్నట్టు. మొదటి పోటు మీకు, హెవీ తిరిగేలోపు రెండోది అతనికి.

కాబట్టి పక్కకి జరిగి నిలబడండి, హెవీ భుజానికి ఏటవాలుగా. బీమ్ తగిలించి, మీ ముఖం వెనక్కి పెట్టుకోండి. డెమో దొర చెప్పినట్టు హీల్ ఆగదు. నడుస్తున్నప్పుడు మూడు నాలుగు సెకన్లకోసారి పూర్తిగా వెనక్కి తిరిగి చూడండి. తిరగడం ఒకే లెక్కన ఉంటే మేము లెక్కపెట్టుకుని వస్తాం, కాబట్టి అప్పుడప్పుడు వెంటవెంటనే రెండుసార్లు తిరగండి.

స్పైని పట్టే పద్ధతుల్లో మెడిక్‌కి అన్నిటికంటే చవకైనది ఒంటితో తగలడం. ఈ ఆటలో సొంత టీమ్ వాళ్ళ గుండా నడిచి వెళ్ళిపోవచ్చు, శత్రువు అడ్డు తగులుతాడు. వేషం వేసినా సరే, అడ్డు తగులుతాడు. అనుమానం వచ్చినవాడి మీదికి నడవండి. ఆగిపోతే అరవండి. X కీ నొక్కితే వచ్చే వాయిస్ మెనూలో 2 నొక్కితే "స్పై!" అని వినిపిస్తుంది. మైక్ అక్కర్లేదు.

ఇంకోటి. వేషంలో ఉన్న స్పై మీద కూడా మీ బీమ్ తగులుతుంది, అతని హెల్త్ నింపేస్తారు. మేము "మెడిక్!" అని అరిస్తే మా వేషం గొంతే వినిపిస్తుంది. యుద్ధం అంతా ముందు జరుగుతుంటే వెనక నుంచి, దెబ్బ లేకుండా, మెడిక్ దగ్గరికే నేరుగా నడిచి వచ్చే "స్నైపర్" ఎవరో ఆలోచించండి.

సిరంజి_సుబ్బయ్య:

స్పై కంటే పెద్ద బెడద స్నైపర్. మెడిక్‌కి 150 హెల్త్. ఏమాత్రం ఛార్జ్ లేని హెడ్‌షాట్ కూడా సరిగ్గా 150. తనకి తాను ఓవర్‌హీల్ ఎక్కించుకోలేని క్లాస్ ఇది, కాబట్టి తలకి తగిలితే అంతే. ఇంకో మెడిక్ ఉంటే ఒకరికొకరు ఎక్కించుకోండి, ఆ ఒక్క బుల్లెట్ నుంచి బయటపడతారు.

హెవీతో నడిచేటప్పుడు మీ వేగం అతని కంటే చాలా ఎక్కువ (మెడిక్ 320, హెవీ 230). ఆ మిగులు వేగాన్ని కుడి ఎడమలకి ఖర్చు పెట్టండి. కుడి, ఎడమ, చిన్న గెంతు, ఆగడం. ఒక చోట నిలబడ్డ మెడిక్ బతకడు. నిండుగా ఛార్జ్ చేసిన హెడ్‌షాట్ 450, అంటే మీరు కష్టపడి నింపిన హెవీ కూడా ఒక్క దెబ్బకి పోతాడు. పొడవాటి దారి కనిపిస్తే హెవీనే అటు పోవద్దని ఆపాలి.

మీ సొంత హెల్త్ దానంతటదే సెకనుకి 3 పెరుగుతుంది, కాసేపు దెబ్బ తగలకపోతే 6 దాకా వెళ్తుంది. 60 హెల్త్‌తో మూల చాటున పది సెకన్లు ఆగడం పిరికితనం కాదు. మెడిక్ చచ్చిపోతే తిరిగి వచ్చేలోపు టీమ్‌కి హీల్ లేదు, నిండిన మీటర్ కూడా సున్నా.

గోదారి_క్రిట్:

ఉబర్ సంగతికి రండి మరి, అసలు తప్పులన్నీ అక్కడే. మామూలు ఉబర్ 8 సెకన్లు. ఆ 8 సెకన్లలో ఏ క్షణాన్ని వృథా చేస్తున్నారో చూడండి: చాలామంది తలుపు ఇవతలే ఉబర్ నొక్కేస్తారు. నడిచి వెళ్ళడానికే 3 సెకన్లు పోతాయి. మూల తిరిగి, మొదటి దెబ్బ తగులుతుండగా నొక్కాలి. మీ ఇద్దరిలో ఒకరికి హెల్త్ సగానికి దిగినా పర్వాలేదు, ఓవర్‌హీల్ ఉన్నది అందుకే.

నొక్కే ముందు ఒక్క చూపు చాలు: పేషెంట్ గన్ నిండుగా ఉందా? సోల్జర్‌కి 4 రాకెట్లు, డెమోకి 8 స్టిక్కీలు (అతుక్కునే బాంబులు). ఖాళీ గన్‌తో ఉబర్ ఇస్తే 8 సెకన్లలో సగం రీలోడ్‌కే. ఎక్స్ మెనూలో 8 నొక్కి ఉబర్ సిద్ధంగా ఉందని చెప్పండి, అతను రీలోడ్ చేసుకుంటాడు.

సెంట్రీ (ఇంజనీర్ కట్టే, తానే గురి పెట్టి కాల్చే గన్) గూడు పగలగొట్టాలంటే డెమో మొదటి ఎంపిక, తర్వాత సోల్జర్. సెంట్రీ బుల్లెట్లు ఉబర్‌లో ఉన్నవాళ్ళని చంపవు కానీ వెనక్కి నెట్టేస్తాయి, డెమో ముందుకు పోలేడు. అప్పుడు మీరే ముందుకెళ్ళి సెంట్రీకి దగ్గరగా నిలబడండి. అది దగ్గరున్నవాడినే గురి పెడుతుంది. మిమ్మల్ని నెడుతూ ఉంటుంది, డెమో తీరిగ్గా స్టిక్కీలు వేసుకుంటాడు. బీమ్ తెగకుండా చూసుకోవడమే మీ పని.

ఉబర్ కాపాడనివి కొన్ని ఉన్నాయి. గోతిలో పడటం, రైలు. పైరో గాలి కొడితే ఎగిరిపోతారు. అప్‌వర్డ్ మ్యాప్‌లో అంచుల దగ్గర ఉబర్ వేసుకుని తిరిగే మెడిక్‌లని పైరోలు పండగలా చూస్తారు. గాలి కొట్టి మిమ్మల్నీ పేషెంట్‌నీ విడదీస్తే, బీమ్ తెగిన సెకనుకే అతను మామూలు మనిషి. పైరో కనిపిస్తే గోడకి వీపు ఆనించి వెళ్ళండి, ఎగిరినా దూరం పోరు.

మర్చిపోకూడనిది ఇంకోటి: ఉబర్‌లో ఉన్నవాళ్ళు పాయింట్ క్యాప్చర్ చేయలేరు, పేలోడ్ మ్యాప్‌లలో గమ్యానికి చేర్చాల్సిన బండి తోయలేరు. ఆఖరి సెకన్లలో బండి మీదున్న ఒక్కగానొక్క మనిషికి ఉబర్ ఇచ్చి గెలవాల్సిన రౌండ్ పోగొట్టేవాళ్ళు ఉన్నారు. బండి పక్కన నిలబడి కొట్టేవాడికి ఇవ్వండి, తోసేవాణ్ణి తోయనివ్వండి.

పాకెట్_పోరడు:

ఒక బీమ్‌తోని ఇద్దరు ముగ్గురికి ఉబర్ తిప్పుతరు గద, ఫ్లాష్ చేసుడు. కొత్తోళ్ళు అది చేయకుండ్రి. బీమ్ తీసినంక సెకను పాటు పేషెంట్‌కి ఉంటది, నిజమే, గని ఒక్కొక్కరు కలిసిన కొద్ది మీటర్ ఇంక జల్ది ఖాళీ అయితది. ఇద్దరు ఒకే మూలల చిక్కుకుని చచ్చేటట్టు ఉంటెనె ఒక్కసారి తిప్పి, మళ్ళ మొదటోడి మీదికి రావాలె.

చిట్టిగుండు:

గన్‌ల గురించి? అచీవ్‌మెంట్లతో క్రిట్జ్‌క్రీగ్ (ఉబర్‌కి బదులు క్రిట్‌లు, అంటే మూడింతల దెబ్బలు ఇచ్చే మెడిగన్), ఉబర్‌సా (దగ్గర నుంచి కొట్టే రంపం) వస్తాయన్నారు. మొదట వాటినే వాడాలా?

గోదారి_క్రిట్:

పేరు చూస్తే తెలుస్తుందిగా నేనేం చెబుతానో. క్రిట్జ్ 25 శాతం త్వరగా నిండుతుంది, 32 సెకన్లు. మామూలు దానికి 40. ఇద్దరూ ఒకేసారి మొదలైతే ఎదుటివాడి ఉబర్ కంటే 8 సెకన్ల ముందు మీది సిద్ధం. ఆ 8 సెకన్ల సందులో క్రిట్ డెమోని వదిలితే ప్రతి దెబ్బా మూడింతలు, ఎదుటి టీమ్ మెడిక్‌తో సహా పోతుంది. కొత్తవాళ్ళకి కూడా లెక్క సులువే.

డెమో_దొర:

సులువు కాదు గోదారి గారూ. క్రిట్జ్ ఎవరినీ కాపాడదు. మెడిక్ 150 హెల్త్ 150గానే ఉంటుంది, రెండు రాకెట్లు సరిగ్గా తగిలి మెడిక్ పోతే క్రిట్‌లూ పోతాయి. ఎదుటివాళ్ళ ఉబర్ ముందే నిండి ఉంటే వాళ్ళు అది వేసుకుని మీ క్రిట్‌ల మధ్యలోంచి నడిచి వస్తారు. సెంట్రీ ఎదురైతే క్రిట్‌లకి అదనపు లాభమేమీ లేదు, భవనాల మీద అవి మామూలు దెబ్బలే. క్యాజువల్‌లో సెంట్రీ లేని మ్యాచ్ ఎక్కడుంది? కొత్తవాళ్ళు మామూలు మెడిగన్‌తోనే ఉండాలి. ఉబర్ సమయం లెక్కపెట్టడం వచ్చాక క్రిట్జ్ సంగతి చూసుకోవచ్చు.

గోదారి_క్రిట్:

సెంట్రీ మాట ఒప్పుకుంటా. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు, ఎదుటివాళ్ళు గుంపుగా ఇరుకు దారిలో వస్తుంటే మాత్రం క్రిట్జ్‌కి సాటి లేదు. టీమ్‌లో ఇద్దరు మెడిక్‌లుంటే ఒకరు మామూలుది, ఒకరు క్రిట్జ్. దీనికైనా ఒప్పుకోండి.

సిరంజి_సుబ్బయ్య:

దానికి ఎవరూ కాదనరు. మిగతావి గబగబా చెప్పేస్తా. క్విక్-ఫిక్స్ మెడిగన్ 40 శాతం వేగంగా హీల్ చేస్తుంది కానీ ఓవర్‌హీల్ 125 శాతం దగ్గరే ఆగుతుంది. దాని ఉబర్ చావుని ఆపదు, హీల్ మాత్రమే పెంచుతుంది. బదులుగా దాంతో పాయింట్ క్యాప్చర్ చేయవచ్చు. చెల్లాచెదురుగా పరుగెత్తే టీమ్‌కి బాగుంటుంది. వ్యాక్సినేటర్ ఇప్పుడు ముట్టుకోకండి. ఏ రకం దెబ్బ వస్తుందో ముందే పసిగట్టి మార్చుకునే గన్ అది.

మొదటి స్లాట్‌లో క్రూసేడర్స్ క్రాస్‌బో దొరికిన రోజునే సిరంజి గన్ పక్కన పెట్టండి (నా పేరు చూసి నవ్వకండి). ఒక్కో బాణం తగిలిన మిత్రుడికి దూరాన్ని బట్టి 75 నుంచి 150 హెల్త్. దూరం పెరిగేకొద్దీ ఎక్కువ. ఓవర్‌హీల్ ఎక్కించదు, తగ్గినదే నింపుతుంది. దాని అసలు అందం ఏమిటంటే, చేతిలో మెడిగన్ ఉండగా వెనక అదే రీలోడ్ అయిపోతుంది. కాబట్టి క్రమం ఇలా: దూరంగా ఉన్నవాడికి బాణం, వెంటనే మెడిగన్‌కి మారి దగ్గరున్నవాడికి హీల్, కాసేపాగి మళ్ళీ బాణం. బీమ్ అందని చోట ఉన్నవాడిని కూడా ఇలా బతికించవచ్చు. పింగ్ ఎక్కువుంటే కదిలేవాడికి బాణం తగలదు. క్యాజువల్ సెట్టింగుల్లో పింగ్ పరిమితి పెట్టుకోండి, లేదా నిలబడ్డ హెవీలకే వాడండి.

ఉబర్‌సా తగిలిన ప్రతి దెబ్బకి 25 శాతం ఉబర్. చేతిలో ఉంచుకోండి, దానికోసం శత్రువు మీదికి పరుగెత్తకండి. మీ మీదికి ఎవడైనా వచ్చి, పారిపోయే దారి లేనప్పుడు కొట్టాలి. 80 శాతం దగ్గర ఒక్క దెబ్బ తగిలితే అక్కడికక్కడే ఉబర్ వేసుకుని బయటపడవచ్చు.

చిట్టిగుండు:

ఎదుటివాళ్ళ ఉబర్ ఎప్పుడు వస్తుందో ఎలా లెక్కపెట్టాలి?

డెమో_దొర:

వాళ్ళ మెడిక్ ఉబర్ వాడి, అది అయిపోయిన క్షణం నుంచి 40 సెకన్లు. క్రిట్జ్ అయితే 32. చచ్చిపోతే తిరిగి పుట్టి, నడిచొచ్చి, మొదటి పేషెంట్ దొరికిన క్షణం నుంచి లెక్క. స్క్రీన్ మీద గేమ్ టైమర్ ఉంటుంది. వాళ్ళది అయిపోయినప్పుడు టైమర్ 4:10 ఉంటే, 3:30 అని గుర్తుపెట్టుకోండి, చాలు. ఉబర్‌సా దెబ్బలు తగిలితే ఇంకా ముందే రావచ్చు, కాబట్టి ఐదు సెకన్లు తగ్గించుకుని చూడండి.

మీది నిండి, వాళ్ళది నిండలేదంటే ఇప్పుడే వెళ్ళాలి. దాచుకుంటే వాళ్ళది కూడా నిండుతుంది, అప్పుడు మీ ఆధిక్యం పోయినట్టే. ఇద్దరివీ నిండి ఉంటే ముందు నొక్కినవాడిది ముందు అయిపోతుంది. వాళ్ళు నొక్కగానే మీరు వెనక్కి పరుగెత్తి, తప్పించుకోలేనప్పుడే నొక్కండి. రెండు సెకన్లు తర్వాత నొక్కినా చివర్లో ఆ రెండు సెకన్లు మీకే మిగులుతాయి, వాళ్ళు నగ్నంగా నిలబడి ఉంటారు.

చిట్టిగుండు:

ఆఖరి ప్రశ్న. ఉబర్ నిండింది, చెప్పాను కూడా. పేషెంట్ కదలడు, అక్కడే నిలబడి దూరం నుంచి కాలుస్తుంటాడు. అప్పుడేం చేయాలి?

పాకెట్_పోరడు:

ఇంకోడిని పట్టుకో తమ్మీ. మీటర్ నీది, గాడిది కాదు. ఎవడు ముందుకు సూస్తుండు, ఎవడి గన్ నిండుంది, సూడు. ఒకడి మీద బీమ్ పెట్టి రెండు అడుగులు ముందుకేయి. గాడు గూడ నీతోని ముందుకొచ్చిండంటె వాడే నీ పేషెంట్. మెడిక్‌కి స్కౌట్‌ని హీల్ చేస్తున్నప్పుడు స్కౌట్ స్పీడే వస్తది, గందుకే ఎవడూ కదలకపోతె స్కౌట్‌తోని పక్క దారి పట్టుకుని పోయి ఇంకో గుంపుల కలువచ్చు. స్కౌట్‌కి మాత్రం ఉబర్ ఇయ్యకు.

సిరంజి_సుబ్బయ్య:

ఎవరూ కదలకపోతే డిఫెన్స్‌కి దాచండి. వాళ్ళు మీదికి వచ్చి మీ హెల్త్ 70 దగ్గరికి దిగాక కూడా నొక్కకుండా చచ్చిపోతే అదే పెద్ద నష్టం. పక్కన ఎవరూ లేకపోయినా సరే, మీ ఒక్కరికోసమే నొక్కి వెనక్కి పరుగెత్తండి. ఇంకో 40 సెకన్లలో మళ్ళీ నిండుతుంది.